తొంభైలో వణుకు, నూటపదిలో మాయం

బండి సందేహాలు: పాఠకుల ప్రశ్నలకు విజయవాడ ఆటోనగర్ నుంచి మన మేస్త్రి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వణుకు గురించే. కోదాడ నుంచి వచ్చినదానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. అది రాసిన ఆవిడ నేను చేసి చూడమన్నవన్నీ చేసి, ఏం జరిగిందో వివరంగా మళ్లీ రాశారు. మామూలుగా నా దగ్గరికి వచ్చే ఫోన్లు "బండి అదురుతోంది, ఏం మార్చాలి?" అన్న మాటతో మొదలై అక్కడే ఆగిపోతాయి.

ప్రశ్న: మేస్త్రీ గారికి నమస్కారం. మాది 2011 మోడల్ స్విఫ్ట్ డీజిల్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. మా అబ్బాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటాడు కాబట్టి కోదాడ నుంచి తరచూ వెళ్లి వస్తుంటాను, నేనే నడుపుతాను. ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు. హైవే ఎక్కి 85 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలవుతుంది. 90, 95 మధ్య చేతికున్న గాజులు మోగుతాయి. 105 దాటితే తగ్గిపోతుంది. అందుకే మా వారు "నువ్వు భయపడి నెమ్మదిగా పోతున్నావు, 110లో పోనీ, ఏమీ ఉండదు" అంటారు. అలైన్‌మెంట్ చేయించాం, బ్యాలెన్సింగ్ చేయించాం, మళ్లీ చేయించాం. ఒక మెకానిక్ లోయర్ ఆర్మ్‌లు రెండూ మార్చాడు. కాస్త తగ్గినట్టు అనిపించింది కానీ పోలేదు. ఇప్పుడు ఒకరు డ్రైవ్ షాఫ్టులు మార్చాలంటున్నారు, ఇంకొకరు నాలుగు టైర్లూ మార్చాలంటున్నారు. టైర్లు వేయించి ఏడాదే అయింది, ఈ గోల కూడా అప్పటినుంచేనేమో అనిపిస్తుంది. ఎవరి మాట మీద డబ్బు పెట్టమంటారు?
— ఒక పాఠకురాలు, కోదాడ

జవాబు: ప్రస్తుతానికి ఎవరి మాట మీదా పెట్టకండమ్మా. మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. వేగం అంకెల్లో రాశారు, ఎక్కడ మొదలై ఎక్కడ తగ్గుతుందో రాశారు, చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు టైర్ల సంగతి కూడా కలిపారు. ఆ చివరి వాక్యం నేను రెండుసార్లు చదివాను.

కారులో తిరిగే వస్తువులన్నీ ఒకే వేగంతో తిరగవు. మీ టైరు ఒక చుట్టు తిరిగితే బండి రెండు మీటర్లకు కాస్త తక్కువ దూరం పోతుంది. 90 వేగమంటే సెకనుకు 25 మీటర్లు. అంటే చక్రం సెకనుకు సుమారు 13 చుట్లు తిరుగుతోంది. అదే సమయంలో ఐదో గేరులో మీ డీజిల్ ఇంజిన్ నిమిషానికి అటూ ఇటూగా రెండు వేల చుట్లు, అంటే సెకనుకు ముప్పై పైచిలుకు తిరుగుతుంది. సెకనుకు 13 అంటే చేతికి విడివిడిగా తెలిసే అదురు, గాజులు మోగే రకం. ముప్పై దాటితే అది చేతులకు, అరికాళ్లకు జుమ్మనే రొదలా తెలుస్తుంది. మీరు రాసింది మొదటి రకం. కాబట్టి ఇంజిన్‌ను కాసేపు వదిలేసి చక్రం వైపు చూద్దాం.

ఇక మీ వారి మాట. 105 దాటితే తగ్గడం నిజమే, దానికి కారణమూ ఉంది. ముందు చక్రం, దాన్ని పట్టుకున్న భాగాలు అన్నీ కలిసి సస్పెన్షన్ మీద ఊగే లయ ఒకటుంటుంది. చాలా కార్లలో అది సెకనుకు పది, పదిహేను మధ్య. ఉయ్యాల వెనక్కి వచ్చిన క్షణానికే తోస్తే చిన్న తోపుకే ఎంత ఎత్తు పోతుందో, చక్రం తిరిగే లయ ఆ ఊగే లయతో కలిసినప్పుడు చిన్న లోపం కూడా అంత పెద్దగా తెలుస్తుంది. వేగం పెరిగితే ఆ కలయిక తప్పి చేతికి నెమ్మదిగా అనిపిస్తుంది. కానీ లోపం ఎక్కడికీ పోదు, పైగా దాని బలం ఇంకా పెరుగుతుంది. రిమ్ము అంచున 30 గ్రాముల బరువు తేడా ఉంటే 45 వేగంలో అది చక్రాన్ని సుమారు ఒక కిలో బలంతో లాగుతుంది. 90లో దాదాపు నాలుగు కిలోలు. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. ఆ దెబ్బంతా బేరింగుకీ, బాల్ జాయింట్లకీ, స్టీరింగ్ రాడ్లకీ తగులుతుంది, అదీ సెకనుకు పదమూడు సార్లు. కాబట్టి 110లో పోవడం వైద్యం కాదని మీ వారికి నా మాటగా చెప్పండి.

అలైన్‌మెంట్ గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. బండి ఒక పక్కకు లాగుతోందా, టైరు ఒక అంచునే అరుగుతోందా, స్టీరింగ్ వంకరగా ఉంటే గానీ బండి తిన్నగా పోవడం లేదా, వీటికి అలైన్‌మెంట్. చక్రాలు రోడ్డు మీద ఏ కోణంలో నిలబడ్డాయో సరిచూసే పని అది. ఆ కోణం చక్రంతో పాటు తిరగదు, కాబట్టి సెకనుకు పదమూడు దెబ్బలు కొట్టలేదు. చాలాకాలం అలైన్‌మెంట్ తప్పి టైరు మెట్లుమెట్లుగా అరిగితే ఆ టైరు వణికిస్తుంది, అది వేరే కథ. అయినా "వణుకు" అనగానే బండిని అలైన్‌మెంట్ ర్యాంపు మీదికి ఎక్కించేవాళ్లే ఎక్కువ. ఎక్కించడం తేలిక, తెరమీద రంగురంగుల బొమ్మ కనిపిస్తుంది, రసీదు వస్తుంది.

లోయర్ ఆర్మ్‌లు, అంటే చక్రాన్ని కింద నుంచి పట్టుకునే చేతులు, మారిస్తే కాస్త తగ్గింది అన్నారు. అక్కడే చాలామంది దారి తప్పుతారు. పాత బండిలో వణుకును పుట్టించేది ఒకటి, దాన్ని మోసుకొచ్చి పెంచి మీ చేతికి అందించేది ఇంకొకటి. ఆ ఆర్మ్‌లలోని రబ్బరు బుష్షులు పగిలినా, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ చివర వదులు ఉన్నా అవి వాటంతట అవి వణికించవు. చక్రంలో పుట్టిన చిన్న అదురును ఆపకుండా లోపలికి వదిలేస్తాయి. కొత్త బండిలో పది గ్రాముల తేడా ఎవరికీ తెలియదు, లక్షా నలభై వేలు తిరిగిన బండిలో అదే తేడా గాజులు మోగిస్తుంది. మీ మెకానిక్ మోసేదాన్ని మార్చాడు, పుట్టించేది అలాగే ఉంది. ఆ ఖర్చు దండగ అనుకోకండి, ఆ వయసు బండికి బుష్షులు ఎలాగూ మార్చాల్సినవే.

ఇదంతా రాసి, ఆమెను కొన్ని పనులు చేసి చూడమన్నాను. తెల్లవారుజామున, పొడి రోడ్డు మీద, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని. నడిపేవాళ్లు రోడ్డునే చూడాలి, రాసుకునే పని పక్కవాళ్లది.

మొదటిది, 90 దగ్గర వణుకుతున్నప్పుడు ఐదో గేరు నుంచి నాలుగుకి దించి అదే 90లో పోవడం. ఇంజిన్ చుట్లు పెరుగుతాయి, చక్రం చుట్లు మారవు. వణుకు అలాగే ఉంటే ఇంజిన్, క్లచ్, ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు నిర్దోషులు. నాలుగో గేరులో వణుకు వేరే వేగానికి జరిగితే అనుమానం ఇంజిన్ మౌంటింగుల మీదికి పోతుంది. కొందరు న్యూట్రల్ చేసి చూడమంటారు, అదీ పనిచేస్తుంది, కానీ బరువు లారీల మధ్య అది నాకు నచ్చదు. తాళం చెవి ఆపి చూడమని ఎవరైనా అంటే మాత్రం ఆ మనిషి మాట ఇక వినకండి. పవర్ స్టీరింగ్ పోతుంది, బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ అయిపోయాక పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, చెవి ఇంకాస్త వెనక్కి తిరిగి బయటికి వస్తే స్టీరింగే లాక్ కావొచ్చు.

రెండోది, అదే వేగంలో యాక్సిలరేటర్ నొక్కి చూడడం, వదిలి చూడడం. నొక్కినప్పుడే వణికి, కాలు తీయగానే ఆగితే డ్రైవ్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ) లోపలి జాయింటు మీద అనుమానం. అందులో మూడు రోలర్లు గిన్నెలాంటి తొడుగులో జారుతూ తిరుగుతాయి. రోలర్లు జారే గాడులు అరిగితే బరువు పడ్డప్పుడే బండి ముందు భాగం పక్కలకు ఊగుతుంది. డ్రైవ్ షాఫ్టులు మార్చాలన్నాయన ఈ చిన్న పరీక్ష చేసి ఆ మాట అన్నాడో లేదో ఆమె రాయలేదు. చేసి ఉండడనే నా నమ్మకం.

మూడోది బ్రేకు. మెల్లగా తాకిస్తే వణుకు పెరుగుతుందా? పెరిగితే డిస్కుల సంగతి చూడాలి.

నాలుగోది ఇంటి దగ్గర చేసేది. కుడి వైపు ముందు చక్రాన్ని వెనక్కి, వెనక చక్రాన్ని ముందుకి మార్చడం. ఒక్క కుడి వైపే. వణుకు స్టీరింగ్ వదిలి సీటులోకి పోతే దొంగ ఆ చక్రమే. తేడా రాకపోతే ఎడమ వైపు అలాగే చేయాలి. స్టెప్నీ పెట్టి చూడొచ్చు కదా అని షెడ్డులో ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆమె స్టెప్నీ బండితో పాటు వచ్చినది. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2211 అని ఉంటే 2011లో ఇరవై రెండో వారం. అలాంటి రబ్బరు మీద 90లో పరీక్షలు చేయకూడదు. పంక్చర్ పడితే దగ్గరలోని షాపు దాకా మెల్లగా పోవడానికి తప్ప అది దేనికీ పనికిరాదు.

ఆమె రెండో ఉత్తరం:

"మేస్త్రీ గారూ, సూర్యాపేట వైపు పొద్దున్నే వెళ్లి చూశాం. నాలుగో గేరులోనూ అదే వేగంలో అదే వణుకు. కాలు తీసినా, నొక్కినా తేడా లేదు. బ్రేకు వేస్తే పెరగలేదు. కుడి వైపు చక్రాలు ముందువి వెనక్కి మార్చాక స్టీరింగ్ నిలకడగా ఉంది, సీటు కింద అదురుతోంది. వెనక సీట్లో కూర్చున్న మా వారు ఇప్పుడు ఒప్పుకున్నారు. ఆ చక్రం తీసుకుని టైర్ల షాపుకి వెళ్తే, బ్యాలెన్సింగ్ మిషన్ మీద పెట్టి, చూడండి మేడమ్, రెండు వైపులా సున్నా అని చూపించారు. ఇప్పుడేం చేయాలి?"

ఇక్కడికి వచ్చాక నాకు నిజంగా ఆసక్తి పెరిగింది. దొంగ దొరికాడు, మిషన్ మాత్రం వాడు మంచివాడని సర్టిఫికెట్ ఇస్తోంది.

మిషన్ సున్నా చూపించిందంటే చక్రం మంచిదని కాదు, ఆ మిషన్ ఇరుసు మీద, అలా బిగించినప్పుడు, బరువు సమంగా ఉందని. చక్రాన్ని మిషన్‌కు ఒక కోను గుచ్చి బిగిస్తారు. కోను వంకరగా కూర్చుంటే తప్పు లెక్క వస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఖర్చులేని పద్ధతి ఉంది. సున్నా వచ్చాక, చక్రాన్ని వదులు చేసి, సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పమనండి. మళ్లీ సున్నా వస్తే మిషన్ నిజం చెబుతోంది. పదిహేనో ఇరవయ్యో గ్రాములు చూపిస్తే బిగింపులో తప్పుంది. కుర్రాళ్లు విసుక్కుంటారు, పక్కనే నిలబడండి. ఆమె నిలబడ్డారు. మళ్లీ సున్నానే వచ్చింది.

తర్వాత చూడాల్సింది గుండ్రతనం. బరువు సమంగా ఉన్నా టైరు గుండ్రంగా లేకపోతే వణుకుతుంది. లోపలి తీగల పొర విడిపోయి ఒకచోట ఉబ్బితే, బ్యాలెన్సింగ్ కోసం రిమ్ముకు ఎంత సీసం అంటించినా ఆగదు. అలాంటి టైరు వణికించడమే కాదు, ఏదో ఒక ఎండలో హైవే మీద పేలుతుంది కూడా. చక్రం మిషన్ మీద మెల్లగా తిరుగుతుండగా ట్రెడ్డుకు దగ్గరగా ఒక స్క్రూడ్రైవర్ కదలకుండా పట్టుకుంటే సందు పెరిగి తగ్గడం కంటికే కనిపిస్తుంది. ఆమె చూశారు. టైరూ, రిమ్మూ రెండూ తిన్నగానే తిరిగాయి. లోపల పంక్చర్ ద్రవం పోశారా అని అడిగాను, పోయలేదన్నారు. (పోసిన టైరును బ్యాలెన్స్ చేయడం చాలా కష్టం. బండి ఆగినప్పుడల్లా ద్రవం అడుగుకు చేరుతుంది, ప్రతిసారీ కొత్త లెక్క వస్తుంది.) రిమ్ము లోపలి వైపు మట్టి గడ్డకట్టి లేదు.

అప్పుడు అదే స్క్రూడ్రైవర్ పరీక్ష చక్రాన్ని కారుకు బిగించి చేయమన్నాను. సమమైన నేల, మిగతా చక్రాలకు అటూ ఇటూ రాళ్లు, జాకీ మీద ఆ ఒక్క చక్రం లేపి, చేత్తో తిప్పి. జాకీ మీద ఉన్న బండి కిందికి మాత్రం ఎవరూ తల దూర్చకూడదు. ఈసారి రిమ్ము అంచు ఒక మిల్లీమీటరు మేర పైకీ కిందికీ ఆడింది. మిషన్ మీద ఆడని రిమ్ము కారు మీద ఆడుతోందంటే చక్రం వంకర కాదు, చక్రం కూర్చున్న చోటు వంకర.

చక్రం విప్పి మధ్య రంధ్రం ఫోటో తీసి పంపమన్నాను, నాలుగింటివీ. మూడింట్లో రంధ్రం చుట్టూ నల్లటి ప్లాస్టిక్ రింగు ఉంది. మొదట కుడి ముందు ఉన్న ఆ చక్రంలో లేదు.

ఆ రింగు కథ ఇది. కంపెనీ చక్రం మధ్య రంధ్రం ఆ కారు హబ్బుకు (చక్రం కూర్చునే ఇరుసు భాగానికి) సరిగ్గా అతికేలా చేస్తారు, ఈ బండికి 54 మిల్లీమీటర్ల పైచిలుకు. బయట కొనే అల్లాయ్‌లు అన్ని కార్లకూ పట్టాలి కాబట్టి పెద్ద రంధ్రంతో వస్తాయి, 67 లేదా 73 మిల్లీమీటర్లు మామూలు. మధ్యలో మిగిలిన ఖాళీని నింపడానికే ఆ రింగు. దీని ముందు ఓనరు వేయించుకున్న పదిహేను అంగుళాల అల్లాయ్‌లతో నాలుగు రింగులు వచ్చి ఉంటాయి. ఏడాది కిందట టైర్లు మార్చినప్పుడు ఒకటి జారి టైర్ల షాపు నేల మీద చెత్తలో కలిసిపోయి ఉంటుంది. రింగు లేకపోయినా నట్లు పడతాయి, చక్రం ఊడదు, ఎవరికీ అనుమానం రాదు.

అరమిల్లీమీటరు పక్కకు జరిగితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. టైరుతో కలిపి ఆ చక్రం బరువు పదిహేను కిలోలు అనుకోండి. ఆ పదిహేను కిలోలూ మధ్య నుంచి అరమిల్లీమీటరు జరిగి తిరగడం, రిమ్ము అంచున దాదాపు నలభై గ్రాముల తేడా ఉండడంతో సమానం. మిషన్ కోను చక్రం రంధ్రాన్ని చూసి మధ్య వెతుక్కుంటుంది, అందుకే అక్కడ సున్నా. కారు మీద ఆ రంధ్రంలో హబ్బు వదులుగా ఉంది, అందుకే ఇక్కడ నలభై. ఈ రెండింటి మధ్య ఇరుక్కుని ఆమె ఇన్నాళ్లూ బ్యాలెన్సింగ్ డబ్బులు కట్టారు.

రింగు కొనేటప్పుడు చక్రం రంధ్రం, హబ్బు రెండూ వెర్నియర్‌తో కొలిపించండమ్మా, అంచనాతో కొంటే అతకదు. హబ్బు ముఖం మీద తుప్పును వైర్ బ్రష్‌తో గీకించండి, తుప్పు పెచ్చు ఒకటి మిగిలినా చక్రం వాలుతుంది. బిగించే తీరు ఇంకా ముఖ్యం. చక్రం గాలిలో ఉండగానే నట్లన్నీ చేత్తో చివరిదాకా తిప్పాలి, తర్వాత స్పానర్‌తో ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా, బండి దించాక చివరి బిగింపు. చక్రం నేల మీద ఆని ఉండగా మొదటి నట్టుకే గన్ను పెట్టి పూర్తిగా బిగించేస్తే, చక్రం ఎటు వాలి ఉంటే అటే బిగుసుకుపోతుంది. నూరు కిలోమీటర్లలోపు నట్లు మరోసారి సరిచూడండి. మిగతా మూడు రింగులు కూడా తీసి చూడండి, ప్లాస్టిక్ కాబట్టి బ్రేకు వేడికి పెళుసెక్కి చీలి ఉండొచ్చు.

ఆమె అల్యూమినియం రింగులు నాలుగు వేయించారట. చిల్లకల్లు టోలు దాటి విజయవాడ దాకా 90లోనే వచ్చారట, గాజులు మోగలేదట. టైర్లు మార్చలేదు.

ప్రశ్న: అన్నా, నా దగ్గర పాత ఓమ్ని ఉంది. క్యాటరింగ్ సామాను తోలుకుంటాను. క్లచ్ ప్లేటు మార్పించిన దగ్గర నుంచి 60 దాటితే నేల కింద నుంచి గుర్రుమని రొద, కాళ్ల కింద జుమ్మంటుంది. చక్రాలు బ్యాలెన్సింగ్ చేయించమంటున్నారు.
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తమ్ముడూ, క్లచ్ మార్చినప్పుడు చక్రాలను ఎవరూ ముట్టుకోలేదు కదా, వాటిని ఎందుకు అనుమానిస్తావు? ఓమ్నికి ఇంజిన్ ముందు సీట్ల కింద, తోలేది వెనక చక్రాలను. మధ్యలో ఆ తిప్పుడును వెనక్కి మోసే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటుంది. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, గేర్‌బాక్స్ దించాలంటే ఆ షాఫ్ట్ విప్పాల్సిందే. అది చక్రం కంటే నాలుగైదు రెట్లు వేగంగా తిరుగుతుంది, అందుకే నీకు 60లోనే, అదీ అదురులా కాకుండా రొదలా తెలుస్తోంది.

విప్పేటప్పుడు డిఫరెన్షియల్ ఫ్లాంజీకీ (వెనక ఇరుసు మధ్య గేర్ల పెట్టెకు షాఫ్ట్ బిగించే బిళ్లకీ) షాఫ్ట్‌కీ కలిపి సుద్దతోనో ఉలితోనో ఒక గుర్తు పెట్టాలి, మళ్లీ అదే గుర్తుకు బిగించాలి. పెట్టి ఉండరు. వెనక బోల్టులు నాలుగూ విప్పి, షాఫ్ట్‌ను సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి నడిపి చూడు. తగ్గితే అదే. తగ్గకపోతే క్రాస్, అంటే షాఫ్ట్ చివర ఉండే కీలు, చూడు. షాఫ్ట్‌ను ఒక చేత్తో, ఫ్లాంజీని ఇంకో చేత్తో పట్టుకుని ఎదురుబొదురు తిప్పితే ఆట ఉండకూడదు. క్రాస్ కప్పుల దగ్గర ఎర్రటి తుప్పు పొడి రాలి ఉన్నా, రివర్స్ నుంచి ఫస్ట్‌కి మార్చినప్పుడు టక్ మన్నా క్రాస్ పోయినట్టే. షాఫ్ట్ గొట్టం మీద అతికించిన చిన్న ఇనప బిళ్ల ఉంటుంది, బ్యాలెన్స్ కోసం కంపెనీ పెట్టినది. అది ఊడిందేమో, లేకపోతే అడుగున తారు కోటింగ్ కొట్టించినప్పుడు షాఫ్ట్ మీద కూడా కొట్టారేమో చూడు. తారు ముద్దలు ఉంటే గీకేయ్. షాఫ్ట్ బయటికి లాగితే గేర్ ఆయిల్ కారుతుంది, కాబట్టి మట్టం కూడా సరిచూసుకో.

ప్రశ్న: మాది పదేళ్ల కారు. శ్రీశైలం ఘాట్ దిగి వచ్చాక, వేగంగా పోతూ బ్రేకు వేస్తే స్టీరింగ్, పెడల్ రెండూ అదురుతున్నాయి. మామూలుగా పోతే ఏమీ లేదు. డిస్కులు వంగిపోయాయి, మార్చాలి అన్నారు.
— ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: వంగాయో లేదో కొలవకుండా చెప్పడం కుదరదు సార్. నా దగ్గరికి వచ్చే ఇలాంటి డిస్కుల్లో ఎక్కువ భాగం వంగినవి కావు, మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయినవి. ఘాట్ అంతా బ్రేకు మీదే దిగి, ఎర్రగా కాలిన డిస్కుతో ఎక్కడో ఆగి, పెడల్ గట్టిగా తొక్కిపట్టి నిలబడితే ప్యాడు పదార్థం ఆ ఒక్కచోట అంటుకుంటుంది. ఆ మచ్చ ప్యాడ్ల మధ్యకు వచ్చినప్పుడల్లా పెడల్ తంతుంది. మైక్రోమీటర్‌తో డిస్కు చుట్టూ ఏడెనిమిది చోట్ల మందం కొలిపించండి. డిస్కు మీద కనీస మందం అంకె పోసి ఉంటుంది, లేత్ మీద స్కిమ్మింగ్ (పైపొర సమంగా చెక్కడం) చేశాక కూడా అంతకంటే మందం మిగిలేట్టయితే చేయించండి, మిగలకపోతే మార్చండి. కొత్తది వేసినా కింద హబ్బు ముఖం తుప్పు గీకకపోతే కొన్ని వేల కిలోమీటర్లకు మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు.

అదురు స్టీరింగ్‌లో కాక సీటులో ఉంటే వెనక డ్రమ్ములను అనుమానించాలి. ఖాళీ రోడ్డు మీద 40 వేగంలో, హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగితే తెలిసిపోతుంది. ఈసారి ఘాట్ దిగేటప్పుడు రెండో గేరు, మూడో గేరు వాడండి.

ప్రశ్న: నమస్తే అంకుల్, నేను మిన్నియాపొలిస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. అమ్మ మీ శీర్షిక పంపుతుంది. ఇక్కడ ఒక పాత సెడాన్ కొన్నాను. నిన్నటిదాకా బాగుంది. రాత్రి మంచు తుపాను తర్వాత ఫ్రీవే ఎక్కితే 50 మైళ్ల దగ్గర బండి మొత్తం భయంకరంగా ఊగింది, భయమేసి పక్కకు ఆపేశాను. బోలెడు ఖర్చవుతుందా?
— ఒక విద్యార్థి

జవాబు: బాబూ, ముందు చక్రాల లోపలి వైపు వంగి చూడు. రిమ్ము గిన్నెలో మంచు దూరి గడ్డకట్టి ఉంటుంది. మా కృష్ణా డెల్టాలో వానల్లో చేలగట్ల మీద తిరిగిన బండ్లకు నల్లమట్టి ఇలాగే పట్టి ఎండిపోతుంది, హైవే ఎక్కగానే ఓనర్లు నాకు ఫోన్ చేస్తారు. మట్టిని మేం గీకేస్తాం, నువ్వు మంచును బ్రష్ కర్రతోనో ప్లాస్టిక్ గీకుడుతోనో రాల్చేయ్, లేదా కార్ వాష్‌లో చక్రాల మీద నీళ్లు కొట్టించు. బ్యాలెన్సింగ్ బరువులు అంటించి ఉన్నచోట ఇనుముతో పొడవకు. బ్రేకు పైపుకు కూడా తగలకుండా చూసుకో.

గడ్డ చలిలో బండి రాత్రంతా కదలకుండా ఉంటే టైరు నేలకు ఆనిన చోట చదునుగా బిగుసుకుంటుంది కూడా. అది మొదటి కొన్ని మైళ్లు దడదడలాడించి, టైరు వేడెక్కాక దానంతట అదే పోతుంది. మంచు తీశాక, టైరు వేడెక్కాక కూడా వణుకు మిగిలితే గుంతలో పడి రిమ్ము వంగిందేమో చూపించుకో. మీ దగ్గర టైర్ల షాపుల్లో రోడ్ ఫోర్స్ బ్యాలెన్సింగ్ చేసేవి ఉంటాయి. ఆ మిషన్ రోలర్‌తో టైరును నొక్కిపెట్టి, బండి బరువు పడినట్టుగా తిప్పి, ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ మెత్తగా ఉందో కొలుస్తుంది. మామూలు బ్యాలెన్సింగ్ కంటే కాస్త ఎక్కువ తీసుకుంటారు. ముందే ధర అడిగి వెళ్లు, కొత్త టైర్లు అమ్మబోతే కొలత కాగితం చూపించమను.